ముట్లు ఉడిగాయా, కోసేశారా?

మెనోపాజ్ గురించి మాట్లాడటం ఈమధ్య బాగా పెరిగింది. మంచిదే. కానీ పాడ్‌కాస్టుల్లో, రీల్సులో, సప్లిమెంట్ల ప్రకటనల్లో ఎక్కడ చూసినా ఒకే స్త్రీ. యాభైకి దగ్గర్లో ఉంటుంది. ఏసీ గది, యోగా మ్యాట్, తనకంటూ ఒక గైనకాలజిస్టు. ఆమెకి అందరూ చెప్పేదీ ఒకటే: ఇది సహజమైన మార్పు, అర్థం చేసుకుని సర్దుకో అని.

నా పేచీ ఆ ‘సహజం’ దగ్గరే. చిలకలూరిపేట నుంచి మార్టూరు, అద్దంకి, దర్శి దాకా పత్తి, మిరప చేలల్లో కూలికెళ్లే ఎంతోమంది ఆడవాళ్లకి ముట్లు వాటంతటవి ఉడగలేదు. కోసేశారు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16 లెక్క చూడండి. 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిదిమంది. 2019-21 సర్వేలోనూ పెద్దగా తగ్గలేదు. ఈ నూరుమందిలో కాలేజీకెళ్లే ఆడపిల్లలు కూడా ఉన్నారు. వాళ్లని పక్కన పెడితే నలభైల్లో ఉన్నవాళ్ల వాటా ఎంతకి లేస్తుందో మీరే ఊహించుకోండి.

దీనికి మనవాళ్లు చెప్పే కారణం ‘అవగాహన లేకపోవడం’. నాకు ఒళ్లు మండే మాట ఇది. సంక్రాంతి దాటాక మిరప కోతలు ముమ్మరంగా ఉంటాయి. చేలో చాటు ఉండదు, మరుగుదొడ్డి ఉండదు. ముట్టు రోజున కూలి మానుకోవాలి, లేదా తడిసిన గుడ్డతోనే పొద్దుగూకేదాకా కాయ కోయాలి. మన రాష్ట్రంలో పెళ్లైన స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి పిల్లల ఆపరేషన్ అయిపోయి ఉంటుంది, చాలామందికి పాతికేళ్ల లోపే. ఇక ఆ సంచితో పనేముందని ఇంట్లోవాళ్లూ అంటారు, ఊళ్లోవాళ్లూ అంటారు. తెల్లబట్టకో, నడుంనొప్పికో, ఎక్కువ రక్తస్రావానికో వెళ్తే ‘సంచి పాడైంది, ఉంచితే కేన్సరొస్తుంది’ అని భయపెడతారు. తెల్లబట్ట ఇన్ఫెక్షన్ వల్లైతే మాత్రలతో తగ్గుతుంది. ఎక్కువ రక్తస్రావానికీ చాలాసార్లు మందులు సరిపోతాయి. కానీ మందులంటే నాలుగుసార్లు తిరగాలి, నాలుగు రోజుల కూలి పోతుంది. ఆపరేషన్ ఒక్కసారితో పోతుంది. ఆమె లెక్కలో తప్పు లేదు. ఆమె ముందు మనం పెట్టిన దారులే తప్పు.

ఆమెకి ఎవరూ చెప్పని సంగతి ఇంకోటుంది. గర్భసంచి వేరు, అండాశయాలు వేరు. సంచి ఒక్కటే తీస్తే ముట్టు ఆగుతుంది గానీ హార్మోన్లు కొన్నాళ్లు వస్తూనే ఉంటాయి. పనిలోపనిగా అండాశయాలూ తీసేస్తే మెనోపాజ్ తెల్లారేసరికి వచ్చి కూర్చుంటుంది. వాడని మాడ్యూల్ కదాని డిలీట్ చేస్తే దానిమీద ఆధారపడ్డవన్నీ కూలినట్టు, నిద్ర చెడుతుంది, ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. మన దేశంలో ముట్లుడిగే సగటు వయసు 46-47. ముప్పయ్యారుకే అండాశయాలు పోయిన మనిషికి, రొమ్ము కేన్సర్ లాంటి అడ్డంకులు లేకపోతే, కనీసం ఆ వయసొచ్చేదాకా ఈస్ట్రోజన్ ఇవ్వాలని వైద్యశాస్త్రమే చెబుతోంది. హార్మోన్లు ప్రమాదమని 2002లో అమెరికాలో భయం పుట్టించిన అధ్యయనంలో పాల్గొన్నవాళ్ల సగటు వయసు 63. ఆ భయాన్ని తెచ్చి ఈమెకి అంటగట్టడం అన్యాయం. ఏప్రిల్ ఎండలో మిరపకళ్లంలో నిలబడ్డ మనిషికి లోపల్నుంచీ ఆవిర్లు లేస్తున్నాయా అని అడిగినవాళ్లెవరు?

అనవసర గర్భసంచి ఆపరేషన్ల మీద కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుచేయాలని 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆ తీర్పు గురించి మన సాహిత్య పేజీల్లో ఎంత చర్చ జరిగింది?

‘ఆడవాళ్లు మౌనం వీడాలి’ అని రాసేవాళ్లకి ఒక మాట. కూలి ఆటోలో కూర్చుని వినండి. ఎవరి సంచి ఎప్పుడు తీశారో, ఎంత అప్పైందో గట్టిగానే చెప్పుకుంటారు. మౌనం మన రాతల్లోనే ఉంది. హైదరాబాదులో స్త్రీవాదులు ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకంలో స్త్రీల ఆరోగ్యాన్ని తెలుగులో విడమరిచి మూడు దశాబ్దాలు దాటింది. 1993 ‘నీలిమేఘాలు’ కవిత్వంలో శరీరానికి చోటిచ్చింది. ఆ దారి వదిలేసి మనం ఇంగ్లీషు వెల్‌నెస్ పుస్తకాలకి సమీక్షలు రాసుకుంటున్నాం. సమర్తకి ఫ్లెక్సీ కట్టే ఊళ్లో ముప్పయ్యారేళ్లకే ముట్టు పోయిన మనిషి గురించి ఒక పేజీ రాయలేమా?

కథ రాయడం రాకపోతే ఫైలైనా చదవండి. బీరువాలో చీరల కింద అమ్మదో పిన్నిదో డిశ్చార్జి సమ్మరీ ఉంటుంది. అది ఇంగ్లీషులో ఉంటుంది, అందుకే ఆమె చదవలేదు. టీఏహెచ్ అని ఉంటే గర్భసంచి తీశారు. పక్కన బీఎస్‌ఓ అని కూడా ఉంటే రెండు అండాశయాలూ తీసేశారు. ఆ మూడక్షరాల అర్థం ఆమెకి తెలుగులో చెప్పండి. ఎముకల పరీక్షకీ, గైనకాలజిస్టు దగ్గరకీ తీసుకెళ్లండి. ‘సహజమైన మార్పు’ గురించిన ఉపన్యాసాలు ఆ తర్వాత.