జ్ఞాపకం ఎవరి సొత్తు?

కళను గూర్చి వ్రాసేటప్పుడు మన విమర్శకులు కళాకారుణ్ణి గూర్చి వ్రాస్తారు, కళాఖండాన్ని గూర్చి వ్రాస్తారు. ప్రేక్షకుణ్ణి గూర్చి వ్రాయరు. వ్రాసినా “ప్రజలు” అనే ఒక్క మాటతో సరిపెడతారు. ఆ ప్రజలు ఏం విన్నారు, విన్నదాన్ని ఏం చేసుకున్నారు, ఇరవై ముప్పై ఏళ్ళు గడిచాక దాన్ని ఎట్లా తలచుకుంటున్నారు అనే ప్రశ్నలు మన విమర్శకు పట్టలేదు. పట్టాలని వాదించడానికే యీ వ్యాసం. ఉదాహరణను మాత్రం దూరదేశం నుంచి తీసుకుంటున్నాను. అమెరికాలో 1965 నుంచి 1995 దాకా 2300కు పైగా కచేరీలు చేసిన గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బృందమూ, ఆ కచేరీలను గూర్చి అభిమానులు దాచుకున్న జ్ఞాపకాలూ నా ఉదాహరణ.

యీ మాట ఎత్తగానే మన శిబిరంలోనే రెండు రకాల జవాబులు వస్తాయి. మొదటిది: “అది మత్తుమందుల సంస్కృతి. క్షీణదశలో వున్న పెట్టుబడిదారీ సమాజం తన యువకులకు పోసిన నల్లమందు. దాన్ని గూర్చి అభ్యుదయవాదికి పనేమిటి?” రెండవది దీనికి సరిగ్గా వ్యతిరేకం: “అది డబ్బుకు అతీతమైన సమష్టి జీవితం. టిక్కెట్టు లేనివాణ్ణి కూడా తోటివాడు లోపలికి తీసుకుపోయిన స్వర్గం.” మొదటి జవాబు పాతతరం మిత్రులది. రెండవది హాస్టలు గదుల్లో యీ పాటలు వింటున్న నేటి విద్యార్థులది. రెండూ తప్పేనని నా వాదం.

ముందు యీ సంగీతపు పుట్టుకను చూద్దాం. ఆకాశం నుంచి వూడిపడిన సంగీతం లేదు, ఇదీ అంతే. 1930లలో ధూళి తుఫానులూ, అప్పులూ కలిసి ఓక్లహోమా, టెక్సాస్ రైతుకుటుంబాలను నేల విడిచి పోయేట్టు చేశాయి. వారిలో వేలాదిమంది కాలిఫోర్నియా తోటల్లో, చమురు క్షేత్రాల్లో కూలికి చేరారు. వారు వెంట తెచ్చుకున్న పల్లెపాట బేకర్స్‌ఫీల్డ్ పట్టణపు తాగుడు శాలల్లో కరెంటు గిటారుతో కలిసి కొత్త రూపం తీసుకున్నది. రైలుపెట్టెను ఇల్లుగా మార్చుకున్న అటువంటి వలస కుటుంబంలో 1937లో పుట్టినవాడే మెర్ల్ హ్యాగర్డ్. సాన్ క్వెంటిన్ జైల్లో శిక్ష అనుభవించి వచ్చి గాయకుడైనాడు. అదే రాష్ట్రంలో, 1966 అక్టోబరు దాకా చట్టం నిషేధించని ఎల్.ఎస్.డి. ప్రభావంలో, సాన్‌ఫ్రాన్సిస్కో యువకులు గంటల తరబడి సాగే మరో రకం సంగీతం మొదలుపెట్టారు. దాన్నే సైకెడెలిక్ అన్నారు. 1968లో బర్డ్స్ బృందం వెలువరించిన “స్వీట్‌హార్ట్ ఆఫ్ ది రోడియో”తో యీ రెండు పాయలూ కలవడం లోకానికి తెలిసింది. 1969లో జెర్రీ గార్సియా పెడల్ స్టీలు గిటారు పట్టి “న్యూ రైడర్స్ ఆఫ్ ది పర్పుల్ సేజ్” బృందంలో కూర్చున్నాడు. 1970లో గ్రేట్‌ఫుల్ డెడ్ వెలువరించిన గ్రామఫోను రికార్డు పేరు “వర్కింగ్‌మాన్స్ డెడ్”. అందులో గని కార్మికుని పాట వుంది, రైలు నడిపేవాని పాట వుంది.

ఇక్కడ ఒక వైరుధ్యాన్ని గమనించాలి. 1969లో హ్యాగర్డ్ యుద్ధవ్యతిరేక యువకులనూ, పొడుగు జుత్తులవారినీ ఎత్తిపొడుస్తూ పాడిన పాట దేశమంతటా మారుమోగింది. ఆ పొడుగు జుత్తులవారే అదే సంవత్సరం నుంచి ఆయన మరో పాటను తమ వేదికపై పాడసాగారు. శ్రామికుని పాటను ప్రేమించినవారు శ్రామికునితో మాట కలపలేకపోయారు. శ్రామికుడు తన పాటను పాడుతున్నవారిని శత్రువులుగా చూశాడు. వియత్నాం యుద్ధకాలపు అమెరికాలో కార్మికవర్గానికీ, విద్యార్థి ఉద్యమానికీ మధ్య తెగిన వంతెన ఎట్లాంటిదో తెలుసుకోవడానికి యీ ఒక్క విషయం చాలు. దీన్ని నల్లమందు అని కొట్టిపారేసేవాడు చరిత్ర పాఠాన్ని కూడా కొట్టిపారేస్తున్నాడు.

మొదటి రకం మిత్రులకు మరో రెండు విషయాలు గుర్తుచేస్తాను. 1968 మే 3న, సమ్మెలో వున్న కొలంబియా విశ్వవిద్యాలయంలోకి యీ బృందం రొట్టెల బండిలో దాగి ప్రవేశించి విద్యార్థుల ముందు వాయించింది. 1970 మే 4న కెంట్ స్టేట్‌లో సైనికులు నలుగురు విద్యార్థులను కాల్చిచంపారు. మే 6న, దేశమంతటా విద్యార్థి సమ్మె రగులుతుండగా, ఎం.ఐ.టి. ఆవరణలో ఆరుబయట యీ బృందం ఉచితంగా కచేరీ చేసింది. వీరు విప్లవకారులని నేననడం లేదు. కారు. రాజకీయాలు తమకు పట్టవని వారే అనేకసార్లు చెప్పుకున్నారు. కాని రాజకీయాలు పట్టవన్నవారిని కూడా సమ్మె ఆవరణలోకి లాక్కువచ్చిన ఆ రోజుల బలం ఎంతటిదో విమర్శకుడు చెప్పాలి కదా!

ఇక అభిమానుల సంగతి. 1971లో వచ్చిన జంట రికార్డు లోపలి అట్టపై, తమ పేర్లూ చిరునామాలూ వ్రాసి పంపమని బృందం అభిమానులను కోరింది. జవాబులు వెల్లువగా వచ్చాయి. కచేరీలకు టేపు రికార్డర్లు మోసుకుపోయి, వేదిక ముందు మైకులు నిలబెట్టి పాటను పట్టుకొనే అభిమానులు తయారైనారు. ఆ టేపుల మార్పిడి కోసం 1974లో ఒక చిన్న పత్రికే పుట్టింది. 1984 అక్టోబరులో బర్క్‌లీలో బృందమే వారికి ప్రత్యేకంగా స్థలం కేటాయించింది. ఏ రోజు, ఏ ఊళ్ళో, ఏ పాట తర్వాత ఏ పాట పాడారో లెక్కకట్టిన “డెడ్‌బేస్” అనే గ్రంథం 1987లో వెలువడింది.

యీ టేపుల మార్పిడిలో ఒక నియమం వుండేది: అమ్మరాదు. ఖాళీ టేపు పంపిస్తే నింపి పంపుతారు, లేదా టేపుకు టేపు ఇస్తారు. ప్రతిదానికీ ధర కట్టే దేశంలో, లక్షలాదిమంది దశాబ్దాల తరబడి ఒక వస్తువును సరుకు కాకుండా కాపాడారు. ఇది చిన్న విషయం కాదు. ప్రజలు తమ కళకు తామే లేఖకులుగా, గ్రంథాలయాధికారులుగా పనిచేయగలరని దీనివల్ల రుజువైంది. ఏ ప్రభుత్వమూ జీతమివ్వలేదు, ఏ విశ్వవిద్యాలయమూ పట్టా ఇవ్వలేదు.

అయితే మన విద్యార్థి మిత్రులు ఇక్కడే ఆగిపోయి చప్పట్లు కొడతారు. నేను ఆగలేను. టేపు ఉచితం, టిక్కెట్టు ఉచితం కాదు. చేతులు మారిన ప్రతి టేపూ తర్వాతి కచేరీకి కొత్త శ్రోతను తయారుచేసింది. రికార్డుల అమ్మకం కంటే కచేరీలమీదే ఎక్కువగా బతికిన బృందానికి ఇది కూలి అడగని ప్రచారం. సరుకుగా మారని టేపు సరుకుల వ్యాపారానికి బయట ఏమీ లేదు. దాని గుమ్మం దగ్గరే వుంది.

రెండవ అభ్యంతరం ఇంకా గట్టిది. జ్ఞాపకం ఏం నిలుపుకుంది, ఏం జారవిడిచింది? 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలోని బార్టన్ హాలులో జరిగిన కచేరీని చాలామంది అభిమానులు అన్నిటికంటే గొప్పదిగా ఎంచుతారు. మే నెలలో మంచు కురవడం దగ్గరనుంచి, ఏ పాటలోంచి ఏ పాటలోకి ఎట్లా జారిపోయారో అన్నదాకా చెబుతారు. ఆ టేపును అమెరికా కాంగ్రెసు గ్రంథాలయం 2011 సంవత్సరపు జాతీయ ధ్వనిముద్రణల జాబితాలో చేర్చింది. మంచిదే. కాని ఆ హాలుకు అంతకుముందే ఒక చరిత్ర వుంది. 1969 ఏప్రిల్ 19న కార్నెల్‌లోని నల్లజాతి విద్యార్థులు విల్లార్డ్ స్ట్రెయిట్ భవనాన్ని ఆక్రమించారు. తర్వాతి రోజుల్లో వేలాది విద్యార్థులూ అధ్యాపకులూ ఇదే బార్టన్ హాలులో బైఠాయించి, అధ్యాపక సభ తన నిర్ణయాన్ని మార్చుకునేట్టు చేశారు. 1969లో అక్కడ వేలాది గొంతులు హక్కులు అడిగాయి. 1977లో అక్కడే వేలాది గొంతులు పాటకు శ్రుతి కలిపాయి. మధ్య దూరం ఎనిమిదేళ్ళు. ఆ ఎనిమిదేళ్ళలో అమెరికా యువజనోద్యమానికి ఏం జరిగిందన్నదే అసలు ప్రశ్న. నేను చదివిన కచేరీ జ్ఞాపకాలలో మంచు వుంది, యీ ప్రశ్న లేదు.

ఆల్టమాంట్ మరింత కఠినమైన పరీక్ష. 1969 డిసెంబరు 6న కాలిఫోర్నియాలో సుమారు 3 లక్షలమంది కూడిన ఉచిత కచేరీ అది. కంట్రీ రాక్‌కు పేరుపడ్డ ఫ్లయింగ్ బరిటో బ్రదర్స్ అక్కడ పాడారు. ఏర్పాట్లలో పాలుపంచుకున్న గ్రేట్‌ఫుల్ డెడ్, వేదిక దగ్గరి దౌర్జన్యాన్ని చూసి, వాయించకుండానే వెనుదిరిగింది. వేదిక కాపలాకు పెట్టింది హెల్స్ ఏంజెల్స్ అనే మోటారుసైకిలు ముఠాను. ఆ ముఠావాడు ఒకడు మెరెడిత్ హంటర్ అనే పద్దెనిమిదేళ్ళ నల్లజాతి యువకుణ్ణి కత్తితో పొడిచి చంపాడు. హంటర్ చేతిలో రివాల్వరు వుంది కాబట్టి అది ఆత్మరక్షణేనని 1971లో జ్యూరీ నిందితుణ్ణి వదిలింది. ఆ రోజును గూర్చి గ్రంథాలు వచ్చాయి, చలనచిత్రం వచ్చింది, “ఒక యుగం ముగిసింది” అనే నిట్టూర్పులు లెక్కలేనన్ని వచ్చాయి. ఆ కుర్రవాడి సమాధిమీద మాత్రం ఏళ్ళ తరబడి పేరు చెక్కిన రాయి లేదు. యుగం చచ్చిపోయిందని ఏడ్చినవారు మనిషి చచ్చిపోయినందుకు ఎంత ఏడ్చారో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇట్లా అంటే, అభిమానుల జ్ఞాపకమంతా పనికిమాలినదని తాత్పర్యం కాదు. 1972 ఆగస్టు 27న ఓరెగాన్ రాష్ట్రంలో, వెనీటా దగ్గర పొలంలో జరిగిన కచేరీని తీసుకోండి. స్ప్రింగ్‌ఫీల్డ్ క్రీమరీ అనే చిన్న పాలకేంద్రం అప్పుల్లో మునిగితే, దాన్ని నిలబెట్టడానికి చేసిన కచేరీ అది. పెరుగు డబ్బాల చీటీలమీదే టిక్కెట్లు అచ్చువేశారు. ఆ రోజు విపరీతమైన ఎండ. ఆ కచేరీని తలచుకునేవారు ఎండనూ, పాటలనూ తలచుకుంటారు. వాటితోపాటే పాలకేంద్రాన్నీ, పెరుగు చీటీనీ తలచుకుంటారు. ఏ అవసరం కోసం, ఎవరి మేలు కోసం జనం కూడారన్నది వదలలేదు కాబట్టే ఆ జ్ఞాపకం ఆరోగ్యంగా వుంది. తన కారణాన్ని మరవని జ్ఞాపకం చరిత్ర అవుతుంది. మరచినది సరుకు అవుతుంది.

సరుకు ఎట్లా అవుతుందో కూడా చెబుతాను. కార్నెల్ కచేరీని టేపుమీదికి ఎక్కించింది బెట్టీ కాంటర్ జాక్సన్ అనే స్త్రీ, శబ్దయంత్రాల మీద పనిచేసిన నిపుణురాలు. తర్వాత ఆమె ఆర్థికంగా చితికిపోయింది. అద్దె కట్టలేకపోయినందున, టేపులు దాచిన ఆమె గిడ్డంగి సామాను 1986లో వేలానికి పోయింది. ఆ టేపులే చేతులు మారి, “బెట్టీ బోర్డులు” అనే పేరుతో అభిమానులకు అమూల్య నిధి అయినాయి. 2017లో కార్నెల్ కచేరీ అధికారికంగా అంగడికి వచ్చింది. నిధి అని కొనియాడేవారు గిడ్డంగి అద్దెను గూర్చి ఎందుకు ఆలోచించరు? పాట పాడినవాని పేరు తరతరాలకు నిలుస్తుంది. పాటను నిలిపిన చేతులకు గిడ్డంగి అద్దె కూడా మిగలదు.

2005 నవంబరులో మరొకటి జరిగింది. ఇంటర్‌నెట్ ఆర్కైవ్ అనే ఉచిత భాండాగారంలో అభిమానులు చేర్చిన కచేరీలను దించుకోవడానికి వీలు లేకుండా చేయించారు. అభిమానులు ఎదురుతిరిగారు. కొద్ది రోజుల్లోనే, శ్రోతలు తమ మైకులతో పట్టిన టేపులను తిరిగి విడిచిపెట్టారు. బృందం యంత్రాలనుంచి నేరుగా ఎక్కించినవాటిని మాత్రం వినవచ్చు, దించుకోరాదన్నారు. అనగా, పంచుకోవడం అనే ఆచారం యజమాని దయమీద నిలిచినంతకాలం అది హక్కు కాదు. యజమాని చేయి అడ్డుపెట్టిన రోజున ఆ సంగతి బయటపడింది. సంఘటితంగా ఎదిరించినమేరకే కొంత తిరిగి దక్కింది. 2024లోనూ, 2025లోనూ లాస్ వేగాస్‌లోని “స్ఫియర్” అనే గోళాకారపు ప్రదర్శనశాలలో, బృందంలో మిగిలినవారు కొందరు కొత్తవారితో కలిసి కచేరీలు చేశారు. జూదశాలల నగరంలో ఆనాటి బొమ్మలను బ్రహ్మాండమైన తెరమీద కదిలించి, వృద్ధులైన అభిమానులకు వారి యౌవనాన్నే టిక్కెట్టు పెట్టి అమ్మారు.

“ఇదంతా మనకెందుకు?” అని అడిగేవారికి నా చివరి మాట. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి ప్రదర్శనలను ఊళ్ళకు ఊళ్ళు కూర్చుని చూశాయి. 1947లో సుంకర, వాసిరెడ్డి వ్రాసిన “మా భూమి” నాటకం ఆడిన రాత్రులున్నాయి, నాజర్ బుర్రకథ చెప్పిన రాత్రులున్నాయి. ఆ ప్రేక్షకుల చేతుల్లో టేపు రికార్డర్లు లేవు. ఏ ఊళ్ళో ఏ రాత్రి ఎంతమంది కూర్చున్నారో, ఏ ఘట్టంలో లేచి నిలబడ్డారో, మర్నాడు ఏం చేశారో లెక్కకట్టిన గ్రంథం మనకు లేదు. ఆనాడు చిన్నపిల్లలుగా చూసినవారికి సైతం నేడు ఎనభై దాటాయి. తెలుగు సాహిత్యం పాఠం చెప్పే నావంటివారు నాటకపు ప్రతిని బోధిస్తున్నాం, చూసినవారి జ్ఞాపకాన్ని వదిలేస్తున్నాం. అమెరికా అభిమాని తన పాటల వరుసను కాపాడుకున్నంత శ్రద్ధగా మనం మన ప్రజాకళను కాపాడుకోలేదంటే, అతణ్ణి మత్తులో వున్నవాడని ఎగతాళి చేసే అర్హత మనకెక్కడిది?

కాబట్టి అధ్యాపక మిత్రులారా, విద్యార్థి మిత్రులారా, అతనినుంచి నేర్చుకోవలసినది నేర్చుకుందాం: ఓపిక, ఖచ్చితత్వం, అమ్మరాదనే నియమం. అతను వదిలేసినదాన్ని మనం వదలకుండా వుందాం. చూసినవారి దగ్గరకు వెళ్ళి ఏం పాడారు అని మాత్రమే అడగవద్దు. ఎందుకు కూడారు, ఖర్చు ఎవరు భరించారు, దీపాలు ఎవరు మోశారు, ఎవరిని దూరంగా కూర్చోబెట్టారు, పోలీసులు ఎప్పుడు వచ్చారు అని కూడా అడగండి. జవాబులు వ్రాసి, ప్రతులు తీసి, అడిగినవారికల్లా ఉచితంగా ఇవ్వండి. యీ పనికి పదేళ్ళ వ్యవధి లేదు.