ఉచ్చకి జూన్ నెల గడువా?

చంటిపిల్ల డైపర్ ఎప్పుడు మానాలో ఆ పిల్ల ఒళ్లే చెప్పాలి. ప్లేస్కూలు అడ్మిషన్ ఫారానికి ఆ అధికారం లేదని నా గట్టి అభిప్రాయం.

మాది తెనాలి. అమ్మాయి, అల్లుడు ఉద్యోగాలకు పోతుంటే మనవరాలిని చూసుకుంటూ కూకట్‌పల్లిలో ఉంటున్నాను. పిల్లకి రెండేళ్లు దాటాయి. ఈ వేసవిలో సీటు కోసం వెళ్తే, డైపర్ మానినవాళ్లనే చేర్చుకుంటామన్నారు, జూన్‌లోపు నేర్పించేయమన్నారు. ఇక చూడండి, పిల్లని పాటీ సీటు మీద అరగంటేసి కూర్చోబెట్టడం, అది ఏడ్చి లేచొచ్చి హాల్లో పోసేయడం, తల్లి కళ్లనీళ్లు పెట్టుకోవడం.

కూర్చోబెట్టే ముందు గమనించమన్నాను. మధ్యాహ్నం నిద్ర లేచేసరికి డైపర్ పొడిగా ఉందా? మెలకువలో రెండు గంటలైనా తడవకుండా ఉంటోందా? తడిస్తే చిరాకుపడుతోందా? చెడ్డీ తనే కిందికి లాక్కోగలదా? చెప్పులు తెమ్మంటే తెస్తుందా? మా పిల్ల కక్క వచ్చే ముందు కర్టెన్ వెనక్కి పోయి నిలబడేది. తల్లికి అది కోపం, నాకు సంతోషం. వస్తోందని దానికి ముందే తెలుస్తోంది కదా! చెప్పడం ఒక్కటే మిగిలింది.

ఇవి ఒక్కో పిల్లకి ఒక్కో వయసులో వస్తాయి. ఏడాదిన్నర నుంచి మూడేళ్ల దాకా ఎప్పుడైనా రావచ్చు. అమెరికా పిల్లల డాక్టరు బ్రాజెల్టన్, పిల్ల సిద్ధమయ్యాకే నేర్పండని తల్లిదండ్రులకు చెప్పి, 1,170 మంది పిల్లల వివరాలు 1962లో ప్రచురించాడు. వాళ్లు పగటిపూట డైపర్ మానిన సగటు వయసు 28.5 నెలలు. సగటే అంత ఉంటే, రెండేళ్ల పిల్లని ఆలస్యమైందని ఎలా అంటాం?

మా రోజుల్లో ఏడాదికే అయిపోయేదంటారు నా ఈడువాళ్లు. నిజమే, నేనూ అమ్మాయిని కాళ్ల మీద కూర్చోబెట్టుకుని 'ష్...' అంటే పోసేది. మంచి పద్ధతే. కానీ అక్కడ వేళ కనిపెట్టింది నేను, పిల్ల కాదు. అప్పుడు ఇంట్లో నలుగురు ఆడవాళ్లం, పక్కనే పెరడు, కడిగితే పోయే గచ్చు. పొద్దున్నే క్యాబ్ ఎక్కాల్సిన తల్లికి ఆ వీలెక్కడిది?

బలవంతం వల్ల నష్టం ఉంది. భయపడిన పిల్ల దొడ్డికి బిగబట్టుకుంటుంది. బిగబడితే గట్టిపడుతుంది, గట్టిపడితే నొప్పి, నొప్పికి భయపడి మళ్లీ బిగబడుతుంది. అంతదాకా వస్తే నేర్పడం ఆపేసి పిల్లల డాక్టరుకు చూపించాలి. పెద్దల కమోడ్ మీద కాళ్లు వేలాడినా పిల్ల ముక్కలేదు, పాదాల కింద పీట వేయండి. రాత్రి పక్క తడపడం వేరే సంగతి. అయిదేళ్ల లోపు దాన్ని జబ్బనుకోనక్కర్లేదు.

మూడేళ్లు నిండని పిల్లల్ని చేర్చుకుని ఫీజు తీసుకునే బడి, డైపర్ మార్చే ఆయాని కూడా పెట్టుకోవాలి. ఆ పని వద్దనుకుంటే అంత చిన్న పిల్లల్ని చేర్చుకోకూడదు.

నాలాంటి అమ్మమ్మలకు, నానమ్మలకు ఒక మనవి. ఫోన్ చేసినప్పుడల్లా 'ఇంకా డైపరేనా?' అని అడక్కండి. ఆ మాటకి తల్లి కంగారుపడుతుంది, ఆ కంగారంతా పిల్ల మీదికే పోతుంది.