ల్యాప్‌టాప్ చిప్ వేరు, సర్వర్ చిప్ వేరు: విశాఖ వేసుకోవాల్సిన లెక్క

విశాఖపట్నం: 2025 అక్టోబర్ 14న ఢిల్లీలో గూగుల్ చేసిన ప్రకటన తర్వాత విశాఖలో ఏ టీ కొట్టు దగ్గర చూసినా డేటా సెంటర్ మాటే. ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి, అదానీకానెక్స్, ఎయిర్‌టెల్ భాగస్వామ్యం, గిగావాట్ స్థాయి ఏఐ హబ్, సముద్రం అడుగు నుంచి కొత్త కేబుళ్లు. అంకెలు పెద్దవే. అయితే "అక్కడ కంప్యూటర్లే కదా పెడతారు, మన ఇంట్లోనూ ఉందిగా, ఇంత కరెంటు దేనికి?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. ప్రశ్న న్యాయమైనదే. జవాబు చిప్ దగ్గర మొదలవుతుంది.

రెండు చిప్‌లు, రెండు బతుకులు

ఇంజినీరింగ్ పిల్లలు ఎక్కువగా కొనే మధ్యరకం ల్యాప్‌టాప్‌లలో కనిపించిన ఇంటెల్ కోర్ ఐ5-1235యూ తీసుకుందాం. 10 కోర్లు, బేస్ పవర్ 15 వాట్లు. సర్వర్ల వైపు 2022 నవంబర్‌లో వచ్చిన ఏఎండీ ఎపిక్ 9654 చూద్దాం. 96 కోర్లు, 360 వాట్లు. విడుదలైనప్పుడు కంపెనీ ధర 11,805 డాలర్లు, అంటే మన లెక్కలో దాదాపు 10 లక్షల రూపాయలు. ఇది ఒక్క చిప్ ధర మాత్రమే. బోర్డు, మెమరీ, డిస్కులు అన్నీ అదనం.

మరి సర్వర్ చిప్ స్పీడ్ ఎక్కువా? ఇక్కడే చాలామంది పొరబడతారు. ఐ5 చిప్ గరిష్ఠంగా 4.4 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. 10 లక్షల ఎపిక్ 3.7 దగ్గర ఆగిపోతుంది. ఒక్క చిన్న పని ఇస్తే ల్యాప్‌టాప్ చిప్ ఏమాత్రం తీసిపోదు. వన్‌టౌన్ సందుల్లో ఆటోకి ఉన్న చురుకు గూడ్స్ రైలుకి ఉండదు కదా. కానీ కిరండూల్ నుంచి పోర్టుకి ఇనుప ఖనిజం తేవాలంటే ఆటోలు పనికిరావు. సర్వర్ చిప్ ఆ గూడ్స్ రైలు లాంటిది. వేలమంది ఒకేసారి అడిగే పనులను పక్కపక్కన నడిపిస్తుంది.

నమ్మకం ఇంకో తేడా. మెమరీలో అప్పుడప్పుడు ఒక్క బిట్ తారుమారవుతుంది. మామూలు ల్యాప్‌టాప్‌లో అది మనకు తెలియదు, మహా అయితే ఒకసారి హ్యాంగ్ అవుతుంది. బ్యాంకు ఖాతాలో ఆ ఒక్క బిట్ మారితే బ్యాలెన్సే మారిపోవచ్చు. అందుకే సర్వర్లలో ఇలాంటి తప్పును పట్టుకుని, అక్కడికక్కడే సరిచేసే ప్రత్యేక మెమరీ వాడతారు. ల్యాప్‌టాప్ మూత వేస్తే నిద్రపోతుంది. సర్వర్‌కి ఆదివారం లేదు, పండగ లేదు.

కరెంటు బిల్లు చెప్పే నిజం

15 వాట్ల చిప్‌ని రోజుకి 8 గంటలు వాడితే ఏడాదికి సుమారు 44 యూనిట్లు. 360 వాట్ల చిప్ 24 గంటలూ పూర్తి లోడ్‌లో నడిస్తే ఏడాదికి దాదాపు 3,150 యూనిట్లు. అంటే 70 రెట్లకు పైనే. ఏఐ పనికి వాడే చిప్‌ల ఆకలి ఇంకా ఎక్కువ. ఎన్విడియా హెచ్100 ఒక్కటే 700 వాట్ల దాకా తీసుకుంటుంది.

ఒక గిగావాట్ కేంద్రం పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకి 2.4 కోట్ల యూనిట్లు కావాలి. మన పక్కనే ఉన్న ఎన్‌టీపీసీ సింహాద్రి మొత్తం సామర్థ్యం 2,000 మెగావాట్లు. అందులో సగం అన్నమాట. ఇక ఆ చిప్‌లలోకి వెళ్లిన కరెంటంతా చివరికి వేడిగా బయటికి రావాల్సిందే. ఆ వేడిని తీయడానికి ఏ పద్ధతి వాడతారన్న దానిపైనే నీటి ఖర్చు ఆధారపడుతుంది. ఏలేరు, రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ నీళ్లతో బతికే నగరానికి ఇది చిన్న విషయం కాదు.

స్టీల్ ప్లాంట్‌తో పోలిక

విశాఖ ఉక్కు కోసం 1966లో ఉద్యమం జరిగింది, ప్రాణాలు పోయాయి. 1992లో జాతికి అంకితమైన ఆ ప్లాంట్ గాజువాక చుట్టుపక్కల వేల కుటుంబాలకు అన్నం పెట్టింది. మన మొహల్లాల్లోనూ ప్లాంట్ జీతంతో, కాంట్రాక్టు కూలీతో చదువుకున్న పిల్లలు ఎందరో.

డేటా సెంటర్ లెక్క అలా ఉండదు. ఖర్చులో పెద్ద భాగం యంత్రాలదే. ఎపిక్ లాంటి చిప్‌ల డిజైన్ అమెరికాలో, తయారీ తైవాన్‌లో. ఆ డబ్బు విశాఖ బజార్లో తిరగదు. పైగా గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ తన పద్దుల్లో సర్వర్ల ఆయుష్షు 6 ఏళ్లుగా లెక్కిస్తోంది. అంటే పెట్టుబడి అంకె ఎంత ఘనంగా ఉన్నా, అందులో చాలా భాగం కొన్నేళ్లకే తరుగుదల కింద కరిగిపోతుంది. కట్టేటప్పుడు కూలి పనులు బాగానే దొరుకుతాయి. కట్టాక మాత్రం తక్కువమందితోనే నడుస్తుంది.

అలాగని వద్దనడం తెలివి కాదు. కేబుళ్లు తీరానికి చేరితే మరిన్ని కంపెనీలు రావచ్చు. లోపల పని కోడింగ్ వాళ్లకే కాదు. హైటెన్షన్ ఎలక్ట్రీషియన్లు, కూలింగ్ టెక్నీషియన్లు, ఫైబర్ అతికేవాళ్లు, జనరేటర్ మెకానిక్‌లు కావాలి. ఐటీఐ, డిప్లొమా చదివే మన పిల్లలకి అసలు అవకాశం ఇక్కడే. బీటెక్ సీటు రాలేదని దిగులుపడే తల్లిదండ్రులు ఈ ట్రేడుల వైపు చూడాలి.

ప్రభుత్వం చెప్పాల్సినవి

కర్ణాటక మంత్రి ప్రియాంక్ ఖర్గే 22,000 కోట్ల రూపాయల రాయితీలు ఇచ్చారని విమర్శిస్తే, మంత్రి నారా లోకేశ్ "ఆంధ్రా కారం" అంటూ చురకలు వేశారు. చురకలు బాగానే ఉన్నాయి, జనానికి కావాల్సింది మాత్రం లెక్కలు. రోజుకి ఎన్ని నీళ్లు, ఏ రిజర్వాయర్ నుంచి? కరెంటు సోలారా, బొగ్గా? ఏ రేటుకి? కట్టడం పూర్తయ్యాక నేరుగా ఎన్ని ఉద్యోగాలు, అందులో స్థానికులకు ఎన్ని? భూములిచ్చిన రైతుల ఇళ్ల నుంచి ఎంతమందికి ట్రైనింగ్?

పెట్టుబడి అంకెని బట్టి సంబరపడటం, చిప్‌ని గిగాహెర్ట్జ్ చూసి కొనడం ఒకటే. రెండు చోట్లా అసలు సంగతి లోపలుంటుంది. ఆ నాలుగు లెక్కలు అందరికీ కనిపించేలా బయటపెడితే, ఈ ప్రాజెక్టుకి విశాఖ మనస్ఫూర్తిగా స్వాగతం చెబుతుంది.