ఇంట్లో పుట్టిన పాటలు

"పిల్లలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఏం వింటున్నారో మాకు తెలియడం లేదు" అని తల్లిదండ్రులు మాతో తరచు అంటూ ఉంటారు. వద్దని కసరడం సులభమే, మంచిదాన్ని చేతికి అందించడమే కష్టం. అందుకని ఈ నెల మాకు ఎంతో ఇష్టమైన నాలుగు ఇంగ్లీషు ఆల్బమ్‌లను పరిచయం చేస్తున్నాము. ఇవి జానపద బాణీలకు దగ్గరగా ఉండే పాటలు. పెద్ద కంపెనీల మీద ఆధారపడక సొంతంగా చేసుకొనే సంగీతాన్ని ఆ దేశాలలో ‘ఇండీ’ అంటారు. మాటలన్నీ అర్థం కాకపోయినా దిగులు పడకండి. గొంతులోని నిజం భాష రాకపోయినా తెలుస్తుంది.

మొదటిది ‘మోలీ డ్రేక్’. మోలీ ఇంగ్లండులో ఒక గృహిణి. 1950లలో తన ఇంటి పియానో ముందు కూర్చొని, తానే వ్రాసుకున్న పాటలు పాడుకొనేది. భర్త రోడ్నీ వాటిని ఇంట్లోనే టేపు మీద ఎక్కించి ఉంచాడు. ఆమె బ్రతికి ఉండగా ఆ పాటలు ఆల్బమ్‌గా రాలేదు. ఆమె 1993లో కన్నుమూసింది. ఆల్బమ్ అందరికీ అందింది 2013లో!

రెండవది ఆమె కుమారుడు నిక్ డ్రేక్ పాడిన ‘పింక్ మూన్’ (1972). లండనులో రెండు రాత్రులలో రికార్డింగు ముగిసింది. నిక్, ఇంజనీరు జాన్ వుడ్ తప్ప స్టూడియోలో ఎవరూ లేరు. ఒక గొంతు, ఒక గిటారు, ఒక్క పాటలో మాత్రం కాస్త పియానో. అంతా కలిపి 28 నిమిషాలే. అప్పట్లో కొన్నవారు బహు కొద్దిమంది. మానసిక కృంగుదలతో బాధపడిన నిక్ 1974లో, 26 ఏళ్లకే, తల్లిదండ్రుల ఇంట్లో చనిపోయాడు. తల్లి పాటలు, కొడుకు పాటలు ఒకదాని వెంట ఒకటి వినండి. ఆ బిడ్డకు పాట ఎక్కడినుండి అబ్బిందో ఎవరూ చెప్పనక్కరలేదు. మన ఇళ్లలోనూ మాటలు తగ్గి, మౌనంలోకి జారిపోయే యౌవనస్థులు ఉన్నారు. పొగరు అనుకొని వదిలేయకండి. ప్రక్కన కూర్చోండి, వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి.

మూడవది వాష్టి బన్యన్ ఆల్బమ్ ‘జస్ట్ అనదర్ డైమండ్ డే’ (1970). ఎస్తేరు గ్రంథంలోని వష్తి రాణి పేరే ఈమెది. 1968లో ఈమె ఇంగ్లండు నుండి స్కాట్లండు దీవుల వైపు గుర్రపు బండిలో బయలుదేరింది. ఆ ప్రయాణంలో కట్టిన పాటలే వీటిలో ఎక్కువ. పల్లెల్లో ఉండేవారికి బాగా నచ్చుతాయి. కాని ఆనాడు ఎవరూ పట్టించుకోలేదు. ఆమె సంగీతాన్ని విడిచి, పిల్లలను పెంచుకుంటూ ఉండిపోయింది. 2000లో ఆల్బమ్ మరల వెలువడినప్పుడు క్రొత్త తరం ఆదరించింది. రెండవ ఆల్బమ్ ‘లుకాఫ్టరింగ్’ 2005లో వచ్చింది. మెచ్చుకోలు మాట ఆలస్యమైనందుకు ఒక గొంతు ఎన్నేళ్లు మూగపోయిందో చూడండి!

నాలుగవది ‘క్యారీ అండ్ లోవెల్’ (2015). పాడినవాడు సుఫ్యాన్ స్టీవెన్స్, అమెరికా దేశపు క్రైస్తవుడు. మారుతండ్రి లోవెల్‌తో కలిసి నడిపిన చిన్న కంపెనీ ద్వారానే దీన్ని విడుదల చేశాడు. చంటిబిడ్డగా ఉన్నప్పుడే తల్లి క్యారీ అతన్ని విడిచి వెళ్లిపోయింది. మానసిక వ్యాధి, త్రాగుడు ఆమెను పీడించాయి. 2012లో ఆమె మరణించాక కట్టిన పాటలివి. కోపం, ప్రేమ, సందేహం, విశ్వాసం, దేన్నీ దాచుకోలేదు. ఇది చిన్నపిల్లలకు తగినది కాదు. కటువైన మాటలు, చావును గూర్చిన తలంపులు ఉన్నాయి. పెద్దలు ముందుగా విని, ఎదిగిన పిల్లలతో కలిసి వినండి. తల్లో తండ్రో విడిచిపెట్టిన బిడ్డ మీ బంధువులలో ఉంటే, ఆ మనసు ఎలా ఉంటుందో దీనివల్ల కొంత తెలుస్తుంది.

ఒక సాయంకాలం టీవీ ఆపి, ఒక్క ఆల్బమ్ మొదటి నుండి చివరి వరకు వినండి. తరువాత మీ ఇంటి పాటను గుర్తు చేసుకోండి. నాట్లు వేస్తూ అమ్మ పాడే పాట, మనవణ్ణి ఊపుతూ నాయనమ్మ పాడే జోల, తాతయ్య ఒక్కరికే వచ్చిన పాత కీర్తన వరస. పాడమని అడగండి. సెల్‌ఫోనులో రికార్డు చేయండి. పాడినవారి పేరు, ఊరు, తేదీ ముందుగా చెప్పించండి. ఒక్క ఫోనులోనే ఉంచక మరొకరికి కూడా పంపి భద్రపరచండి. రోడ్నీ ఆనాడు టేపు మీద ఎక్కించకపోయి ఉంటే మోలీ గొంతు ఆమెతోనే మట్టిలో కలిసిపోయేది. మీ ఇంటి పాట కూడా మీ చేతుల్లోనే ఉంది. పండుగ రానీ, సెలవులు రానీ అని వాయిదా వేయకండి, ఈ వారంలోనే అడగండి.