సైడ్ ఎఫెక్టులు లేని మందు

"దీనికి సైడ్ ఎఫెక్ట్స్ ఏమీ ఉండవమ్మా, అంతా ఆకులూ వేర్లే." సంక్రాంతి సెలవుల్లో ఈ మాట కనీసం నలుగురి నోట విన్నాను. చెప్పినవాళ్లంతా నా మేలు కోరేవాళ్లే. అందుకే కాదనడం కష్టమైంది.

ఇంటర్ సెకండియర్ నుంచి డిప్రెషన్‌కి ఎస్సిటాలోప్రామ్ మాత్ర వేసుకున్నాను, మూడున్నరేళ్లు. అది నన్ను నిలబెట్టింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. "బాగానే ఉన్నావుగా, ఆపేద్దాం" అన్నారు డాక్టరుగారు. 10 మిల్లీగ్రాములు 5 అయింది, రెండు వారాలకి సున్నా అయింది. నాలుగో రోజు నుంచి తల తిప్పితే చాలు, లోపల కరెంటు షాక్ కొట్టినట్టుండేది. కళ్లు పక్కకి తిప్పినా అంతే. పీడకలలు, క్యాంటీన్‌లో కారణం లేకుండా ఏడుపు. "పాత జబ్బే మళ్లీ వచ్చింది" అని ఆయన వేరే మాత్ర రాశారు. అది పడలేదు. ఆ తర్వాత ఏదీ పడలేదు. జలుబు మాత్ర వేసుకుంటే రెండు రోజులు మగత, కాఫీ తాగితే గుండె దడ.

ఈ స్థితిలో ఉన్న మనిషి పసరు మందు వైపు చూస్తే "ఇంజినీరింగ్ చదువుతూ ఇదేంటి" అని నవ్వేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పిన్ని తీసుకెళ్లిన వైద్యుడుగారు నాడి పట్టుకుని ముప్పావుగంట అడిగారు: నిద్ర, ఆకలి, కలలు, భయాలు. తలలో షాకులంటే నవ్వలేదు. ఆరు నెలల్లో నన్ను అంతసేపు విన్న మనిషి లేడు. బయటికొచ్చేసరికి సగం తగ్గినట్టనిపించింది, మందుల సంచి ఇంకా విప్పకుండానే.

నా పేచీ ఆ సంచితోనే. రెండు చూర్ణాలు, ఒక లేహ్యం. దేనికీ లేబుల్ లేదు. ఏముందని అడిగితే "మా తాతగారి యోగం" అన్నారు. జలుబు మాత్రకే తట్టుకోలేని ఒళ్లు, పేరు తెలియని పొడిని ఎందుకు తట్టుకోవాలి? ఆకైనా వేరైనా లోపలికెళ్లాక రసాయనమే కదా. 2008లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన పరిశోధనలో, ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులు పరీక్షిస్తే దాదాపు అయిదో వంతులో సీసమో పాదరసమో ఆర్సెనికో తేలింది. అమెరికాలో తయారైనవాటికీ ఇదే గతి.

అమెరికాలో ఉన్న మా అన్నయ్య ఇంకోటి చెప్పాడు, సెయింట్ జాన్స్ వోర్ట్. పూలమొక్క, పేరు పవిత్రంగానే ఉంది. కానీ అదీ సెరటోనిన్ మీదే పనిచేస్తుంది. డిప్రెషన్ మాత్రతో కలిస్తే సెరటోనిన్ మితిమీరి ప్రాణం మీదికి రావచ్చు. పైగా కాలేయంలోని ఎంజైములను ఉరికించి, గర్భనిరోధక మాత్రలతో సహా చాలా మందులను పనిచేయకుండా చేస్తుంది. మనింట్లో పాలలో కలుపుకునే అశ్వగంధకీ మగత ఉంది, కొందరిలో కాలేయం దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. సైడ్ ఎఫెక్ట్ లేదంటే చాలాసార్లు దానర్థం ఎవరూ రాసిపెట్టలేదని.

అసలు నాకు కావలసింది వేరే మందు కాదనీ, నెమ్మదిగా దిగే దారనీ తర్వాత తెలిసింది. 2019లో మార్క్ హొరోవిట్జ్, డేవిడ్ టేలర్ లాన్సెట్ సైకియాట్రీలో ఒక గ్రాఫ్ వివరించారు. మనకి బాగా అర్థమయ్యే గ్రాఫే, సరళరేఖ కాదు. నా మాత్రకి దగ్గరి చుట్టం సిటాలోప్రామ్ 20 మిల్లీగ్రాములు మెదడులో పట్టుకోవాల్సిన చోట్లలో 80 శాతం పట్టుకుంటుంది. దాన్ని 5కి తగ్గించినా ఇంకా 60 శాతం దగ్గర ఉంటుంది. అంటే ముప్పావు వంతు మందు తీసేస్తే పడింది 20 శాతమే. ఆఖరి 5 ఒక్కసారి ఆపితే పడేది మిగతా 60. నేను మెట్లు దిగలేదు, డాబా మీంచి దూకాను. అన్నట్టు, హొరోవిట్జ్ కూడా ఈ మందులు మానబోయి అవస్థ పడ్డవాడే.

ఈ లెక్క విన్న రెండో డాక్టరుగారు పాత మాత్రనే చాలా చిన్న మోతాదులో మళ్లీ మొదలుపెట్టించారు. డిప్రెషన్‌లో తలలో షాకులు కొట్టవని ఆవిడే చెప్పారు. దిగడానికి ఏడాది పట్టొచ్చట. ఈసారి కొస దగ్గరే మెట్లు చిన్నవి. ల్యాబ్‌లో లాగే ఒకసారి ఒక్కటే మార్చాలి, నోట్‌బుక్‌లో రాయాలి. ఉదయం గ్రౌండ్‌లో నడక, ప్రాణాయామం ఆవిడకి చెప్పే చేస్తున్నాను. బెంగళూరు నిమ్హాన్స్‌లో యోగా, ఆయుర్వేదం, మన డాక్టర్లు కలిసి చూసే ఇంటిగ్రేటివ్ మెడిసిన్ విభాగమే ఉంది. ఇక్కడ మాత్రం మనం ఒకరికి తెలియకుండా ఇంకొకరి దగ్గరికి దొంగచాటుగా వెళ్తున్నాం. అన్నిట్లోకీ ప్రమాదం ఆ దొంగచాటుతనమే అంటాను. ఎవరికైనా అర్ధరాత్రి మరీ కష్టంగా ఉంటే టెలీ మానస్ 14416 ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

చూర్ణాల సంచి ఇంకా మా ఇంటి అటక మీదే ఉంది. పిన్ని ఫోన్ చేసినప్పుడల్లా "వాడుతున్నావా?" అనడిగేది, నేను ఊఁ కొట్టేవాణ్ణి. మొన్న నిజం చెప్పేశాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "పోనీ మందు వద్దులే, ఊరికే మాట్లాడ్డానికైనా ఆయన దగ్గరికెళ్దామా?" అంది.

వెళ్దామన్నాను.