ముక్కకింత, నెలకింత

మొన్న ఒకటో తారీఖున పేపరబ్బాయి బిల్లు తెచ్చాడు. మా మనవడు దాన్ని అటూ యిటూ తిప్పి చూసి, "తాతయ్యా, పేపరు మాన్పించేద్దాం. వార్తలన్నీ ఫోన్లో వూరికే వస్తుంటే డబ్బు దండగ కాదూ?" అన్నాడు. వంటింట్లోంచి మా ఆవిడ, "అలమరల్లో పరచడానికి కాగితాలు నువ్వు తెస్తావురా?" అంది. పత్రిక తరఫున మా యింట్లో వినిపించిన వాదన అదొక్కటే. నాకు వెంటనే జవాబు తోచలేదు. బిల్లు రేడియో మీద పెట్టాను.

ఆ రాత్రి ఒలందా దేశం సంగతి గుర్తుకొచ్చింది. నవ్వకండి, కారణం వుంది. నేను బందరు వాణ్ణి. మా వూళ్లో వలందపాలెం అని ఒక పేట వుంది. 1605లో ఒలందా వర్తకులు వచ్చి అక్కడ కోఠీ పెట్టుకున్నారు. వాళ్లు పోయి ఎన్ని తరాలయినా పేట పేరు పోలేదు. అంచేత ఆ దేశం పేరు ఎక్కడ అచ్చయినా, చుట్టాల వూరి కబురు చదివినట్టు చదువుతాను. అలా చదవగా తెలిసిన కథ యిది.

మనలాగే వాళ్లూ పత్రికను అంగడిలో కొనడం తక్కువ, ఇంటికి తెప్పించుకోవడం ఎక్కువ. ఒకప్పుడు ఆ దేశంలో ఎవరి మతానికి వాళ్ల బడి, వాళ్ల సంఘం, వాళ్ల రేడియో, వాళ్ల పత్రిక. 'డె ఫోల్క్స్‌క్రాంట్' 1919లో కాథలిక్ కార్మికుల కోసం పుట్టింది. 'హెట్ పరోల్' 1941లోనూ, ప్రొటెస్టెంట్లు నడిపిన 'ట్రౌ' 1943లోనూ మొదలయ్యాయి. తండ్రి తెప్పించే పత్రికనే కొడుకూ తెప్పించేవాడు. ఇంటిపేరు మార్చుకోవడం ఎంత అరుదో పత్రిక మార్చడమూ అంత అరుదు.

కాలక్రమేణా గుడికి వెళ్లేవాళ్లు తగ్గారు, ఆ కట్టుబాట్లు సడలాయి. ఒకరి మొహం ఒకరు చూసుకోని పత్రికలు ఒకే గొడుగు కిందికి చేరాయి. 'డె ఫోల్క్స్‌క్రాంట్', 'ట్రౌ' వున్న పి.సి.ఎం. అనే కంపెనీలోకి 2004లో ఒక బ్రిటిష్ పెట్టుబడి సంస్థ వచ్చింది, 2007లో వెళ్లిపోయింది. కంపెనీ నెత్తిన అప్పు మాత్రం మిగిలింది. 2009లో పక్కనున్న బెల్జియం నుంచి 'డె పెర్స్‌ఖ్రూప్' వచ్చి కొన్నది. ఇవాళ దాని పేరు డి.పి.జి. మీడియా. పొరుగు దేశం యజమాని చేతికి మూడు పత్రికలూ పోవడం నాకు సుఖంగా తోచదు. అయితే ఏ పత్రికకా సంపాదకుడు వేరు. సంపాదకవర్గం జోలికి యజమాని రాకుండా రాతపూర్వకమైన నిబంధనలున్నాయి. ఆ మాత్రమైనా వుండటం నయం.

అసలు దెబ్బ 1999లో తగిలింది. ఆ యేడు రైలు స్టేషన్లలో 'మెట్రో', 'స్పిట్స్' అనే రెండు పత్రికలు వూరికే పంచిపెట్టడం మొదలుపెట్టారు. అదే యేడు 'ను.ఎన్ఎల్' అనే వార్తాస్థలం ఇంటర్నెట్టులో పుట్టింది. అదీ వూరికే. మా మనవడు యిప్పుడు వేసిన ప్రశ్న ఒలందా కుర్రాళ్లు అప్పుడే వేశారన్నమాట.

దానికి 2014లో ఇద్దరు యువకులు తమాషా జవాబు చెప్పారు. 'బ్లెండల్' అని ఒక ఏర్పాటు పెట్టారు. పత్రిక మొత్తం కొనక్కర్లేదు. ఏ వ్యాసం కావాలో దానికే కొన్ని సెంట్లు చెల్లిస్తే చాలు. చదివాక నచ్చకపోతే డబ్బు వాపసు! న్యూయార్క్ టైమ్స్ అంతటి వాళ్లు అందులో పెట్టుబడి పెట్టారు. పత్రికల కష్టాలు గట్టెక్కాయని చాలామంది సంబరపడ్డారు. నేనూ పడేవాణ్ణే. హోటల్లో ఇడ్లీకింత, వడకింత అన్నట్టుంది కదా, ఇంతకంటె న్యాయం ఏముంటుంది?

కాని ఇడ్లీ సంగతి వేరు, వార్త సంగతి వేరు. పెద్ద పెద్ద ఇంటర్వ్యూలకూ, విశ్లేషణలకూ జనం డబ్బిచ్చారు గాని ఉత్త వార్తకు ఇవ్వలేదు. ఆ పెట్టినవాళ్లే ఆ మాట ఒప్పుకున్నారు. మునిసిపాలిటీ సమావేశంలో సాయంత్రం దాకా కూర్చుని, నీటి పన్ను ఎంత పెంచారో రాసుకొచ్చే విలేఖరి వుంటాడు చూడండి, అతని వార్తను విడిగా ఎవరు కొంటారు? చందా కట్టినవాడి యింటికి మాత్రం అదీ వస్తుంది. చదవకపోయినా వస్తుంది. పన్ను పెంచేవాడికి ఆ భయం వుండాలంటే అది అచ్చవుతూ వుండాలి. 2019లో బ్లెండల్ ముక్కల అమ్మకం మానేసి నెలసరి చందాకే దిగింది. మరుసటి యేడు ఫ్రెంచి వాళ్లెవరో దాన్ని కొనుక్కున్నారు. ఊరికే పంచిన 'స్పిట్స్' 2014లో పోయింది, 'మెట్రో' కాగితం 2020లో ఆగింది.

చందా పత్రికలు మాత్రం నిలిచాయి. మంచి వ్యాసాలకు తెర మీద తాళం వేసి, తాళంచెవి చందాదారుకిచ్చారు. శనివారం మందపాటి కాగితం పత్రిక ఇంటికొస్తుంది, మిగతా రోజులు ఫోన్లో చదువుకోవచ్చు, అలాంటి చందా కూడా పెట్టారు. ఆదివారం అనుబంధం కోసం కొట్టుకున్న యిళ్లలో పెరిగినవాళ్లకు దాని సుఖం వేరే చెప్పాలా?

మర్నాడు కాఫీ దగ్గర యిదంతా మనవడికి చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. "అయితే వాళ్లకి అలవాటు, అంతేగా" అన్నాడు.

అప్పుడు 'ట్రౌ' పుట్టుక చెప్పాను. ఆ మాటకు విశ్వాసం, మాట తప్పకపోవడం అని అర్థం. జర్మన్లు ఆ దేశాన్ని ఆక్రమించుకున్న రోజులవి. రహస్యంగా అచ్చువేసి, సంచుల్లోనూ బట్టల్లోనూ దాచి, సైకిళ్ల మీద ఇంటింటికీ చేర్చేవారు. పట్టుబడితే ప్రాణం పోవలసిందే. 1944లో పత్రిక మనుషులు ఇరవై మందికి పైగా దొరికిపోయారు. పత్రిక ఆపితే వీళ్లను వదులుతామని జర్మన్లు బేరం పెట్టారు. నడిపేవాళ్లు ఏ రాత్రి కూర్చుని ఆలోచించారో, ఏమనుకున్నారో! ఆపలేదు. ఆగస్టులో ఫుఖ్ట్ నిర్బంధ శిబిరంలో ఆ మనుషుల్ని కాల్చి చంపేశారు. ఆ నిర్ణయం సరైనదా అని నన్నడిగితే నేను చెప్పలేను. నా బిడ్డ ఆ ఇరవై మందిలో వుంటే ఇంకా చెప్పలేను.

మనవడు కప్పు కింద పెట్టాడు. "వాళ్లు రాసినవాళ్లా, పంచినవాళ్లా తాతయ్యా?"

"పంచినవాళ్లే ఎక్కువరా. పేపరబ్బాయిలు."

"ఆ పేపరు యిప్పటికీ వస్తోందా?"

వస్తోందన్నాను. కాగితం మీదా, ఫోన్లోనూ. ఫోన్లోకి వచ్చేదానికి సైకిలు అక్కర్లేదు, సంచీ అక్కర్లేదు. డబ్బు మాత్రం యిప్పటికీ యిచ్చే చదవాలి.

వాడింకేం మాట్లాడలేదు. కాలేజీకి వెళుతూ రేడియో మీది బిల్లు తీసి జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రం పేపరబ్బాయి రసీదు తెచ్చి నా చేతికిచ్చాడు. "చిన్నబాబుగారు ఫోన్లో పంపేశారండీ. మూడు నెలలకి ముందే కట్టారు" అన్నాడు. మా ఆవిడ ఆ పూట అలమరలో కాగితాలు మార్చింది.