మన పిల్లల వేలిముద్రల మీద వ్యాపారం ఆపించాలి

చల్లపల్లి, ఘంటసాల, మోపిదేవి, అవనిగడ్డ మండలాల తల్లిదండ్రులారా!

గత నెలలో మన దగ్గర్లోని ఒక ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతి పిల్లల్ని వరసలో నిలబెట్టి పది వేళ్ళూ స్కానరు మీద పెట్టించారు. వారం తిరక్కుండా రంగురంగుల రిపోర్టు ఇచ్చారు. దాని పేరు డీఎంఐటీ అట. పిల్లకు ఏ రకం తెలివి ఎంత శాతం ఉందో, ఏ గ్రూపులో చేర్చాలో, పెద్దయ్యాక ఏమవుతుందో అన్నీ అందులో రాసి ఉన్నాయి. కూలికి వెళ్ళే ఒక తల్లి అప్పు చేసి, వేలల్లో ఫీజు కట్టి ఆ రిపోర్టు తీసుకుంది. మీ అమ్మాయికి లెక్కల బుర్ర పుట్టుకతోనే తక్కువని ఆమెకు చదివి వినిపించారు. మొన్నటిదాకా లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకున్న ఆ పిల్ల ఇప్పుడు ఆ పుస్తకం తెరవడం లేదు. ఎందుకే అని అడిగితే ‘నాకు రాదంట కదమ్మా’ అంటోంది.

పదకొండేళ్ళ పిల్ల నోట ఈ మాట పలికించినవాళ్ళు ఆ డబ్బు జేబులో వేసుకుని మరో ఊరు పోయారు. మనం మాట్లాడకపోతే వచ్చే జూన్‌లో మళ్ళీ వస్తారు.

వాళ్ళు చెప్పేదేమిటి? తల్లి కడుపులో మూడు నాలుగు నెలల ప్రాయంలో మెదడూ వేలిముద్రలూ ఒకే కాలంలో తయారవుతాయట, కాబట్టి వేలి మీద గీతలు చూస్తే మెదడు తెలిసిపోతుందట. ఆ నెలల్లోనే మూత్రపిండాలూ రూపు కడుతుంటాయి. మరి వేలు చూసి మూత్రపిండం ఎలా పనిచేస్తుందో చెప్పగలరా? డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల అరచేతి గీతల్లో కొన్ని తేడాలు తరచుగా కనిపిస్తాయన్నది నిజం. డాక్టర్లు దాన్ని ఒక ఆనవాలుగా చూసి, క్రోమోజోముల పరీక్షతో నిర్ధారిస్తారు. ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని ఆరోగ్యంగా ఉన్న పిల్లకు బయాలజీ తీసుకోవాలా, కామర్స్ తీసుకోవాలా అని చెప్పడం మోసం. హోవార్డ్ గార్డ్‌నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1983లో తెలివి ఒకటి కాదు, అనేకం అన్నాడు. ఆయన పేరు కూడా ఈ రిపోర్టుల్లో వాడుకుంటున్నారు. ఆయన సిద్ధాంతానికీ వేలి గీతలకూ సంబంధమే లేదు. భారత మానసిక వైద్యుల సంఘం ఈ పరీక్షకు శాస్త్రీయ ఆధారం లేదని ప్రకటించింది. ఇంతకు మించి ఎవరు చెప్పాలి?

చెప్పవలసినవాడు ఇంకొకడున్నాడు. ఈ సంగతి ప్రతి తండ్రికీ తెలియాలి. తెలివి రక్తంలో వస్తుందని ప్రపంచానికి అందరికంటే గట్టిగా నూరిపోసినవాడు ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త. 1869లో ‘హెరిడిటరీ జీనియస్’ అనే పుస్తకం రాసి, గొప్పవాళ్ళ ఇళ్ళల్లోనే గొప్పవాళ్ళు పుడతారని లెక్కలు కట్టాడు. మేలుజాతి మనుషుల్ని పెంచాలనే యూజెనిక్స్‌కు 1883లో పేరు పెట్టిందీ ఆయనే. వేలిముద్రల శాస్త్రానికి పునాది వేసినవాళ్ళలోనూ ఆయన ముఖ్యుడు. 1892లో ‘ఫింగర్ ప్రింట్స్’ రాశాడు. వేలిముద్రలో తెలివి, జాతి, గుణం కనిపిస్తాయేమోనని ఎంతో ఆశపడి వెతికాడు. చదువుకునే విద్యార్థుల ముద్రలు తీశాడు. పొలం కూలీల ముద్రలు తీశాడు. లండన్ దగ్గర డారెంత్ ఆశ్రమంలో ఉన్న బుద్ధిమాంద్యుల ముద్రలు తీశాడు. పేరుమోసిన మేధావుల ముద్రల పక్కన వాటిని పెట్టి చూశాడు. తేడా దొరకలేదు. దొరకలేదనే ఆ పుస్తకంలో రాశాడు. పుట్టుకే సర్వస్వం అని నమ్మిన మనిషి, ముద్రల్ని క్షుణ్ణంగా తెలిసిన మనిషి, వెతికి వెతికి లేదని తేల్చిన దాన్ని నూట ముప్పై ఏళ్ళ తర్వాత చల్లపల్లి చుట్టుపక్కల బడుల్లో మనకు అమ్ముతున్నారు!

పుట్టుక చూసి మనిషి విలువ కట్టడం మన డెల్టాకు కొత్త కాదు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఉంది. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. కొన్ని కులాలవాళ్ళు పుట్టు దొంగలని, దొంగతనం వాళ్ళకు తండ్రి నుంచి కొడుకుకు వస్తుందని తీర్మానించారు. 1911లో దాన్ని సవరించి మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించారు. ఆ చట్టం కింద ఎరుకల కుటుంబాల్ని తీసుకొచ్చి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతుల్లో పెట్టారు. మద్రాసు గవర్నరు కౌన్సిల్లో ఉన్న హెరాల్డ్ స్టూవర్టు పేరు మీద ఆ ఊరు వెలిసింది. కృష్ణ ఒడ్డున సీతానగరంలోనూ అలాంటి సెటిల్‌మెంటు నడిచింది. అక్కడివాళ్ళు హాజరు వేయించుకోకుండా, అనుమతి లేకుండా కదలడానికి ఉండేది కాదు. ఆ 1911 చట్టంలో రెండు అధికారాలున్నాయి, వినండి. రిజిస్టరైన మనిషి వేలిముద్రలు ఎప్పుడైనా తీసుకోవచ్చు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడుల్లో పెట్టవచ్చు. ముద్ర తీయడం, పిల్లను వేరు చేయడం. తరాల తరబడి ఆ కుటుంబాలు అలా బతికాయి. 1952లో దేశమంతటా చట్టం రద్దయింది. మచ్చ పోయిందా? సినిమావాళ్ళు ఇవాళ్టికీ స్టూవర్టుపురం అంటే దొంగలనే చూపిస్తున్నారు. అక్కడి నుంచి వచ్చిన పిల్ల కాలేజీలో ఊరి పేరు చెప్పడానికి వెనకాడితే దానికి బాధ్యులెవరు? రక్తంలో ఉందని ఒకసారి కాగితం మీద రాస్తే, ఆ కాగితం చిరిగిపోయాక కూడా మనుషుల్ని వదలదు.

తెలివిని అంకెల్లో కొలిచే ఐక్యూ పరీక్ష చరిత్రా ఇదే. 1905లో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే, తన సహచరుడు సిమోన్‌తో కలిసి మొదటి పరీక్ష తయారుచేశాడు. బడిలో వెనకబడుతున్న పిల్లల్ని గుర్తించి ప్రత్యేకంగా చదువు చెప్పడానికే దాన్ని చేశాడు. బుద్ధి మారని వస్తువని అనుకోవడం తప్పని ఆయనే హెచ్చరించాడు. 1911లో ఆయన చనిపోయేనాటికే ఆ పరీక్ష అమెరికా చేరింది. గొడార్డ్, టర్మన్ లాంటి అక్కడి మనస్తత్వ శాస్త్రవేత్తల చేతుల్లో పడి, సాయం చేయడానికి పుట్టిన పరీక్ష గెంటివేయడానికి పనికొచ్చింది. 1927లో అమెరికా సుప్రీంకోర్టు కేరీ బక్ అనే పేద యువతికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడం న్యాయమేనంది. తల్లి, ఆమె, ఆమె పసిబిడ్డ, మూడు తరాలూ మందబుద్ధులే అన్నారు. ఆ పసిబిడ్డ వివియన్ బడికి వెళ్ళి, బాగా చదివే పిల్లల జాబితాలో పేరు తెచ్చుకుంది. ఎనిమిదేళ్ళకే జబ్బు చేసి పోయింది. ఆ దేశంలో అలాంటి చట్టాల కింద అరవై వేలమందికి పైగా ఆపరేషన్లు చేశారు. ఇంగ్లండులో సిరిల్ బర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తెలివి పుట్టుకతోనే వస్తుందని కవలల లెక్కలతో నిరూపించానన్నాడు. ఆయన చూపిన కవల జంటలు 21 నుంచి 53కు పెరిగాయి. కవలల ఐక్యూల మధ్య పోలికను చూపే అంకె మాత్రం 0.771 దగ్గరే, మూడో దశాంశం దాకా కదలకుండా నిలిచింది. 1974లో లియోన్ కామిన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఈ వింతను పట్టుకున్నాడు. ఇంతలో పదకొండేళ్ళకే పరీక్ష పెట్టి పిల్లల్ని రెండు రకాల బడులకు పంచే పద్ధతి ఇంగ్లండులో పాతుకుపోయింది. బుద్ధిని చిన్నప్పుడే కొలిచేయవచ్చని చెప్పి దానికి అండ నిలిచినవాళ్ళలో బర్ట్ ముందువాడు.

కొందరు చదువుకున్న పెద్దలు అంటారు: తెలివిలో వంశపారంపర్యం ఉందని సైన్సే చెబుతోంది కదా, మీరు సైన్సును కాదంటారా అని. కాదనడం లేదు. ఆ మాటకు అర్థం ఏమిటో డెల్టా రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 1970లో రిచర్డ్ లెవాంటిన్ అనే జన్యుశాస్త్రవేత్త విత్తనాలతోనే దీన్ని వివరించాడు. ఒకే బస్తా విత్తనం రెండు పొలాల్లో చల్లండి. ఒకటి కాలువ మొదట్లో, ఒకటి దివిసీమ శివారు ఉప్పునేలలో. ఒక్కో పొలం లోపల నీరూ నేలా అంతటా ఒకేలా ఉంటే, మొక్కకూ మొక్కకూ ఉన్న తేడా విత్తనం వల్లే. రెండు పొలాల మధ్య దిగుబడి తేడా మాత్రం నీటివల్ల, నేలవల్ల. శివారు చేను ఎండిపోతే విత్తనాన్ని తిట్టే రైతు మన దగ్గర ఉన్నాడా? కాలువ దగ్గరికి వెళ్ళి లాకులు ఎందుకు ఎత్తలేదని అడుగుతాడు. 2003లో ఎరిక్ టర్క్‌హైమర్ బృందం అమెరికాలో ఏడేళ్ళ కవలల్ని చూసి ఇదే తేల్చింది. కలిగిన ఇళ్ళల్లో ఐక్యూ తేడాల్లో ఎక్కువ భాగం జన్యువులది. పేద ఇళ్ళల్లో వాటి వాటా పదో వంతే, మిగతాదంతా పరిస్థితులది. జేమ్స్ ఫ్లిన్ అనే పరిశోధకుడు 1987లో పద్నాలుగు దేశాల ఐక్యూ లెక్కలు తీశాడు. నెదర్లాండ్స్‌లో పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళ మార్కులు ముప్పై ఏళ్ళలో ఇరవై పాయింట్లు పెరిగాయి. ముప్పై ఏళ్ళలో రక్తం మారదు. తిండి మారింది, బడి మారింది, ఇల్లు మారింది.

ఇక సూటిగా అడుగుతున్నాం. మన పిల్లలకు ఆ లాకులు ఎత్తకుండా కూర్చున్నది ఎవరు? ఆరో తరగతికే స్క్రీనింగ్ టెస్టు పెట్టి ఫౌండేషన్ బ్యాచ్ అని ఒక గదిలో, మామూలు సెక్షన్ అని ఇంకో గదిలో కూర్చోబెడుతున్నారు. అనుభవమున్న లెక్కల మాస్టారు మొదటి గదికే వెళతాడు. రెండో గదికి ఏడాదిలో ముగ్గురు మారతారు. ఫీజు మాత్రం ఇద్దరి దగ్గరా వసూలు చేస్తారు. తీరా పదో తరగతి ఫలితాలు వచ్చాక మీవాడి బుర్ర అంతేనండీ అంటారు. రక్తహీనతతో తరగతిలో కునికే పిల్లకు, అమ్మ నాట్లకు వెళితే చంటివాణ్ణి ఎత్తుకుని ఇంట్లో ఉండిపోయే పిల్లకు, సాయంత్రం పుస్తకం తెరిస్తే చెప్పేవాళ్ళు లేని పిల్లకు ఒక మంచి టీచరు దొరికితే బతుకు మారుతుంది. ఆ టీచర్ని తప్పించి, ఆ తప్పు కప్పిపుచ్చుకోవడానికి పిల్ల వేలి మీద గీత చూపిస్తున్నారు. ఇది దొంగతనం. పేదవాడి కొడుకు భవిష్యత్తును దోచి, దోపిడీకి వాడి పుట్టుకనే సాక్షిగా నిలబెట్టడం.

ఈ ఊరు జమీందారీని చూసింది. ఏ ఇంట్లో పుట్టావన్నదాన్నిబట్టి భూమి దక్కిన రోజులు, ఆ పద్ధతి మీద ఈ ప్రాంతపు రైతులూ కూలీలూ చేసిన పోరాటాలు మన తాతలకు తెలుసు. 1948 చట్టంతో అది పోయింది. చదువులో దాన్ని మళ్ళీ రానిస్తామా?

అయితే ఏ పరీక్షా వద్దంటారా అని అడిగేవాళ్ళకు ఒక్క మాట. బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డకు సదరం సర్టిఫికెట్ కోసం, పింఛను కోసం, ప్రత్యేక విద్య కోసం అర్హులైన నిపుణులు చేసే ఐక్యూ పరీక్ష ఉండాల్సిందే. బినే దాన్ని చేసిందే అందుకు. ఏదో సరదాకు చేయించుకున్నాం, నష్టమేముంది అనేవాళ్ళు ఆ ఆరో తరగతి పిల్లను చూసి మాట్లాడాలి.

నష్టం బుర్రకే కాదు. పది వేళ్ళ ముద్రలూ ఎవరి కంప్యూటర్లో ఉన్నాయో మనకు తెలియదు. ఆధార్, రేషను, బ్యాంకు అన్నీ ఇవాళ వేలి మీదే నడుస్తున్నాయి. 2018లో పెద్దపల్లి జిల్లాలో రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలతో నకిలీ ముద్రలు తయారుచేసి వేల సిమ్ కార్డులు తీసినవాణ్ణి పోలీసులు పట్టుకున్నారు. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు. ముద్ర పోతే ఆ పిల్లకు జీవితాంతం మార్చుకునే దారి లేదు.

చట్టం మన వైపే ఉంది. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లకు గానీ తల్లిదండ్రులకు గానీ ఏ రకమైన వడపోత పరీక్షా పెట్టకూడదు. మొదటి తప్పుకు ఇరవై ఐదు వేల దాకా, ఆ తర్వాత ప్రతి తప్పుకూ యాభై వేల దాకా జరిమానా ఉంది. 2023లో పార్లమెంటు చేసిన డేటా చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల రుజువైన అంగీకారం కావాలంటుంది. మన పిల్లల్ని వరసలో నిలబెట్టినప్పుడు ఎవరైనా మన సంతకం అడిగారా?

జిల్లా విద్యాశాఖ వెంటనే ఉత్తర్వు ఇవ్వాలి. ప్రభుత్వ బడి అయినా ప్రైవేటు బడి అయినా, ఆవరణలో వేలిముద్రల పరీక్ష పెడితే గుర్తింపు మీద చర్య తీసుకోవాలి. తీసిన ముద్రలన్నీ చెరిపేసి, చెరిపేశామని రాతపూర్వకంగా ఇవ్వాలి. కట్టిన ఫీజు తిరిగి ఇవ్వాలి. పదో తరగతి దాకా తెలివిని బట్టి సెక్షన్లు విడదీయడం మానాలి. వెనకబడిన పిల్లలున్న గదికే మంచి టీచర్ని పంపాలి.

వచ్చే ఆదివారం ఉదయం 10 గంటలకు చల్లపల్లి బస్టాండు దగ్గర కలుద్దాం. డీఎంఐటీ రిపోర్టు, ఫీజు రసీదు, స్కూలు పంపిన మెసేజీ ఏది ఉంటే అది తీసుకురండి. రసీదు ఇవ్వకపోతే డబ్బు ఏ రోజు, ఎవరి చేతికి ఇచ్చారో రాసుకు రండి. అక్కడి నుంచి అందరం కలిసి మండల విద్యాధికారికి ఇవ్వవలసిన ఫిర్యాదు రాసి సంతకాలు చేద్దాం. బందరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయవలసిన కాగితాలు రాసిపెట్టడానికి చదువుకున్న కుర్రాళ్ళు అక్కడ ఉంటారు. రాలేనివాళ్ళు 1915కు ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు నమోదు చేయించండి. ఈలోగా ఏ బడిలోనైనా స్కానరు పెట్టారని తెలిస్తే పిల్ల చేతిని దాని మీద పెట్టనివ్వకండి.

చల్లపల్లి పరిసర గ్రామాల తల్లిదండ్రులు